తుపాకి గొట్టం శుభ్రపరిచే పనిముట్లు: ఏవి కొనాలి, ఏ వరుసలో వాడాలి

లైసెన్సుపై 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకి ఉంచుకున్న రైతులు, బ్యాంకు కాపలా ఉద్యోగాల్లో ఉన్న మాజీ సైనికులు, పిల్లలను .22 రైఫిల్ షూటింగ్‌లో చేర్పించిన తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: గొట్టం తుడవడానికి ఏం కొనాలి? దుకాణంలో దొరికే పెట్టె ఒకటి కొనుక్కొస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ పెట్టెలోని సగం వస్తువులు మీ తుపాకికి అక్కర్లేనివి, ఒకటో రెండో హాని చేసేవి కూడా కావచ్చు.

నా అనుభవంలో, ముఖ్యంగా .22 రైఫిళ్ల విషయంలో, పేల్చి పాడైన గొట్టాల కంటే తప్పుగా తుడిచి పాడైన గొట్టాలనే ఎక్కువగా చూశాను. కాబట్టి పనిముట్ల గురించి కాస్త వివరంగానే చెబుతాను.

1. మొదలుపెట్టే ముందు: ఖాళీ అని కళ్లతో చూడాలి

తుపాకిని తెరిచి, రెండు ఛాంబర్లలోకి (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటు) చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, తూటా లేదని నిర్ధారించుకున్న తరువాతే పనిముట్ల పెట్టె తెరవాలి. "నిన్ననే ఖాళీ చేశాను" అన్న మాటను, అది మీ మాటే అయినా, నమ్మకూడదు. బోల్టు రైఫిల్ అయితే మ్యాగజైన్ తీసి, బోల్టును (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే కదిలే కడ్డీ) పూర్తిగా బయటకు లాగి పక్కన పెట్టాలి.

మూతి నుంచి మందు కూరే పాత తుపాకులకు వెనుక నుంచి చూసే వీలుండదు. ముందుగా నిప్పిల్ (మందుకు నిప్పు అందించే చిన్న ముక్కు) మీద క్యాప్ (సుత్తి తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) లేదని చూసి, తరువాత గజం, అంటే కూరే కడ్డీ, గొట్టంలోకి మెల్లగా జార్చి ఎంత లోతుకు దిగిందో గమనించాలి. ఖాళీగా ఉన్నప్పుడు దిగే లోతు దగ్గర ఆ కడ్డీ మీద ముందే గీత పెట్టి ఉంచుకుంటే, గీత పైకి కనిపించిన రోజున లోపల మందు ఉందని వెంటనే తెలుస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి:
- తూటాలు వేరే గదిలో, తాళం వేసి ఉండాలి.
- కిటికీలు తెరిచి ఉండాలి. ద్రావకాల ఆవిరి తల తిప్పుతుంది.
- రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. బ్రష్ మూతి దాటగానే తుంపర ఎగురుతుంది.
- బల్ల మీద పాత దినపత్రికలు, చేతికందే దూరంలో చెత్తబుట్ట ఉండాలి.
- పని జరుగుతుండగా టీ, సిగరెట్టు, తిండి వద్దు. గుడ్డకు అంటే నలుపులో సీసం ఉంటుంది.
- ఆ గదిలోకి పిల్లలు రాకూడదు.

2. లోపల పేరుకున్నది ఏమిటో తెలిస్తేనే పనిముట్టు తెలుస్తుంది

12 బోర్ గొట్టంలో రైఫ్లింగ్ గాడులు, అంటే గుండును తిప్పే మెలికల గాడులు, ఉండవు. లోపలి వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అందులో మందు మసితో పాటు, ఛాంబర్ దాటిన వెంటనే గొట్టం సన్నబడే చోట సీసపు చారలు, మూతి దగ్గర చోక్‌లో (గొట్టం కాస్త బిగువయ్యే భాగం) ప్లాస్టిక్ వాడ్ (తూటాలో మందుకూ గుండ్లకూ మధ్య ఉండే బిళ్ల) కరిగి అంటిన పొర పేరుకుంటాయి. మధ్య భాగం సాధారణంగా సులువుగానే శుభ్రపడుతుంది. శ్రమ అంతా రెండు కొసల దగ్గరే.

.22 రైఫిల్ తూటాలో మైనం లేదా కొవ్వు పూసిన సీసపు గుండు ఉంటుంది. అందుకే ఆ గొట్టంలో మసి మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. పెద్ద రైఫిళ్లలో గుండుకు రాగి తొడుగు ఉంటుంది కాబట్టి గాడుల్లో రాగి అంటుకుంటుంది. దానికి వేరే ద్రావకం కావాలి. నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) వాడే పాత తుపాకులలో మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకొని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. దానికి నూనె కాదు, ముందు వేడి సబ్బునీళ్లు కావాలి.

3. పనిముట్లు, ఒక్కొక్కటిగా

3.1 రాడ్డు

పెట్టెల్లో ఎక్కువగా వచ్చేది మూడు ముక్కలుగా మరలు బిగించే అల్యూమినియం రాడ్డు. 12 బోర్‌కు దీంతో పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే గొట్టం వెడల్పు, గాడులు లేవు. .22కి మాత్రం వాడకండి. అల్యూమినియం మెత్తన, దుమ్ము, ఇసుక రేణువులు అందులో గుచ్చుకుపోయి, రాడ్డు కాస్తా ఆకురాయిలా తయారవుతుంది. దానికి తోడు అతుకుల దగ్గర అంచులు లేచి గాడులను గీస్తాయి.

ఈ సంగతి నాకు తెలిసింది నా చేతులు కాలిన తరువాతే. నా మొదటి .22 రైఫిల్‌ను ఏడాది పాటు అటువంటి రాడ్డుతో, అదీ మూతి వైపు నుంచే, శ్రద్ధగా తుడిచాను. కాగితం మీద గుండ్లు దూరదూరంగా పడసాగాయి. చెవిలో పెట్టుకునే దూది పుల్ల ఒకటి తీసుకొని మూతి లోపలి అంచు చుట్టూ తిప్పితే, ఒకే చోట దూది పోగులు చిక్కుకొని వేలాడాయి. రాడ్డు ఒరుసుకున్న చోటు అదే. గుండు గొట్టాన్ని విడిచే చివరి అంచు సమానంగా లేకపోతే గురి నిలవదు. మీ రైఫిల్‌నూ ఒకసారి దూది పుల్లతో పరీక్షించి చూడండి.

రైఫిల్‌కు ఒకే ముక్కగా ఉండే గట్టి స్టీలు రాడ్డు, లేదా ప్లాస్టిక్ పూత ఉన్న రాడ్డు తీసుకోవాలి. పూత ఉన్నదానిని ప్రతిసారీ లోపలికి పంపే ముందు గుడ్డతో తుడవాలి. పిడి బేరింగ్ మీద తిరిగేలా ఉండాలి. అప్పుడే బ్రష్ గాడుల మెలికను అనుసరించి తిరుగుతుంది. పొడవు విషయంలో పొరపాటు పడవద్దు: 30 అంగుళాల గొట్టానికి కనీసం 34 నుంచి 36 అంగుళాల రాడ్డు ఉంటేనే బ్రష్ మూతి దాటి పూర్తిగా బయటకు వస్తుంది.

కొనేటప్పుడు రాడ్డు చివరి మరలను కూడా చూసుకోవాలి. అమెరికా కొలతల్లో రైఫిల్ పనిముట్లకు 8-32 మర, 12 బోర్ వంటి షాట్‌గన్ పనిముట్లకు 5/16-27 మర వాడతారు. బ్రిటిష్ కొలతలు వేరు. పాత రాడ్డు ఉంటే దానిని దుకాణానికి తీసుకెళ్లి, బిగించి చూసి కొనడమే మంచిది.

3.2 బోర్ గైడ్

బోల్టు తీసిన చోట దూర్చే ప్లాస్టిక్ గొట్టం ఇది. రాడ్డు వంగకుండా, సరిగ్గా నడిమికి వెళ్లేలా చూస్తుంది. ద్రావకం ట్రిగ్గర్ భాగంలోకి కారకుండా ఆపుతుంది. 12 బోర్‌కు అక్కర్లేదు. .22 కొన్నవారు స్కోపు మీద డబ్బు పెట్టే ముందు దీని మీద పెట్టాలి. దీని ధర స్కోపు ధరలో చిన్న భాగమే, కానీ ఎందుకో ఎవరూ కొనరు.

3.3 జాగ్, లూప్

రెండూ గుడ్డముక్కను పట్టుకొనేవే. లూప్ అంటే సూది బెజ్జంలాంటిది. గుడ్డను అందులోంచి దూర్చి లాగుతారు. దాంతో గుడ్డ అన్ని వైపులా సమానంగా తగలదు. జాగ్ అంటే గరుకు గీతలున్న ఇత్తడి ములికి. గుడ్డ దాని చుట్టూ గొడుగులా ముడుచుకొని గొట్టమంతా ఒత్తుతుంది. మూతి దాటగానే గుడ్డ దానంతటదే జారిపడుతుంది కాబట్టి మురికి తిరిగి లోపలికి రాదు. .22కి జాగ్ కొనండి.

3.4 బ్రష్

ఫాస్ఫర్ బ్రాంజ్ తీగల బ్రష్ ప్రధానమైనది. మసిని, సీసాన్ని రేపుతుంది, ఉక్కును గీయదు. నైలాన్ బ్రష్ ద్రావకం పూయడానికి పనికొస్తుంది. ఉక్కు తీగల బ్రష్ పెట్టెలో ఉచితంగా వచ్చినా పారవేయండి. తీగలు ఏవైనా, నడుమనున్న మెలికల కాడ కూడా ఇత్తడిదై ఉండాలి. ఉక్కు కాడ కొస గొట్టాన్ని గీస్తుంది. అయస్కాంతానికి అంటుకుంటే అది ఉక్కే.

బ్రష్ బోర్‌కు తగినదై ఉండాలి. 16 బోర్ వ్యాసం దాదాపు 16.8 మిల్లీమీటర్లు, ఆ బ్రష్ 12 బోర్‌లో వదులుగా తిరుగుతుందే తప్ప పనిచేయదు. 12 బోర్‌కు వీలైతే ఛాంబర్ బ్రష్ కూడా వేరుగా తీసుకోండి. అది కాస్త లావుగా, పొట్టిగా ఉంటుంది.

బ్రష్‌ను ద్రావకం సీసాలో ముంచకూడదు. రెండోసారి ముంచేసరికి సీసాలోనిదంతా మసినీళ్లవుతుంది. చుక్కలుగా బ్రష్ మీదే వేయాలి.

3.5 ఉన్ని మాప్

బొద్దుగా, మెత్తగా ఉండే ఇది చివర్లో నూనె పట్టించడానికే. మసి తుడవడానికి వాడిన మాప్‌ను మళ్లీ నూనెకు వాడితే మసినే పూసినట్టవుతుంది. రెండు కొని, ఒకదానికి దారం కట్టి గుర్తు పెట్టుకోండి.

3.6 గుడ్డ

ఉతికి ఆరబెట్టిన పాత నూలు బనియన్ చాలు. నూలు లుంగీ, ఫ్లానెల్ కూడా మంచివే. సింథటిక్ చీర ముక్కలు ద్రావకాన్ని పీల్చవు. 12 బోర్‌కు దాదాపు 3 అంగుళాల చదరం, .22కి అంగుళం లోపు చదరం నుంచి మొదలుపెట్టి, రాడ్డు అరచేతి ఒత్తిడికి నిదానంగా కదిలే వరకు సరిచేసుకోవాలి. గుద్దితే గానీ కదలని గుడ్డ పెద్దదైనట్టే.

3.7 పుల్ త్రూ, తాడు బ్రష్

ఎన్.సి.సి.లో చేరినవారికి పుల్ త్రూ, చిందీ (తుడిచే గుడ్డముక్క) అనే మాటలు కొత్తవి కావు. ఒక కొసన ఇత్తడి బరువు, మరో కొసన కొక్కేల్లాంటి లూపులు ఉన్న తాడు పుల్ త్రూ. బరువును ఛాంబర్ వైపు నుంచి జార్చి, మూతి దగ్గర అందుకొని లాగాలి. సైనిక రైఫిళ్లకు 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉన్న చిందీ తుడవడానికి వాడతారు; నూనె పూసేది కాస్త సన్నంగా కత్తిరిస్తారు.

దీంతో ఒకే జాగ్రత్త: తాడును గొట్టానికి తిన్నగా, ఒకే ఊపులో లాగాలి. పక్కకు వంచి లాగితే తాడే ఏళ్ల తరబడి మూతి అంచును కోసి గాడి చేస్తుంది. బావి గట్టు రాయి మీద చేంతాడు చేసిన గాళ్లు చూసినవారికి ఇది వింతగా అనిపించదు.

తాడులోనే బ్రష్ అల్లిన కొత్త రకం పొలంలో, రేంజిలో అవసరానికి బాగుంటుంది. వాడిన ప్రతిసారీ సబ్బునీళ్లతో ఉతకాలి. పోగులు లేచిన రోజున పారవేయాలి. అది గొట్టం మధ్యలో తెగితే తీయడం నరకం.

4. ద్రావకం, నూనె: వంటింటివి వద్దు

ద్రావకం పని కరిగించడం, నూనె పని కాపాడడం. రెండూ ఒకటే అనుకోవడం వల్లనే సగం తప్పులు జరుగుతాయి.

- కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు. ఇవి కాలక్రమంలో చిక్కబడి బంకలా మారతాయి. కొబ్బరినూనె శీతాకాలంలో గడ్డకడుతుంది కూడా.
- కిరోసిన్ జిడ్డును వదిలిస్తుంది కానీ తుప్పు నుంచి కాపాడదు. వాడితే వెంటనే తుడిచి నూనె పెట్టాలి.
- కుట్టుమిషన్ నూనె కొద్ది రోజుల నిల్వకు ఫర్వాలేదు.
- డబ్ల్యూడీ-40 తడిని తరిమేస్తుంది. వానలో తడిసిన తుపాకికి తొలి చికిత్సగా మంచిది. నెలల తరబడి నిల్వకు దాని పొర పలుచన.
- తుపాకుల కోసమే చేసిన నూనె దొరికితే అదే వాడండి. గొట్టానికి నాలుగైదు చుక్కలు మించి అక్కర్లేదు.

రాగిని కరిగించే ద్రావకాల్లో తరచుగా అమ్మోనియా ఉంటుంది. అది రాగిని తాకితే గుడ్డ నీలంగా వస్తుంది. అయితే బ్రాంజ్ బ్రష్, ఇత్తడి జాగ్ కూడా రాగి కలిసినవే కాబట్టి అవి కరిగినా నీలం వస్తుంది. గొట్టం ఎంత తుడిచినా శుభ్రపడడం లేదని కంగారు పడేవారు ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. అటువంటి ద్రావకంతో నైలాన్ బ్రష్ వాడాలి.

5. 12 బోర్ డబుల్ బ్యారెల్: పని వరుస

మెట్టు 1. ఫోర్ ఎండ్ చెక్క (గొట్టాల కింద ముందు చేత్తో పట్టుకునేది) తీసి, తుపాకి తెరిచి, గొట్టాలను కొక్కెం నుంచి విడదీయాలి. చెక్క భాగాలను దూరంగా ఉంచాలి.

మెట్టు 2. దినపత్రికలో పావు ఠావు ఉండ చుట్టి, రాడ్డుతో ఛాంబర్ వైపు నుంచి నెట్టి మూతి గుండా బయటకు పంపాలి. వదులు మసి అంతా దీనితోనే పోతుంది, గుడ్డలు మిగులుతాయి.

మెట్టు 3. ద్రావకంలో తడిపిన గుడ్డను రెండు గొట్టాల్లోనూ పంపి, పది నిమిషాలు వదిలేయాలి. ఈ పది నిమిషాలు ఓపిక పట్టనివారు తరువాత అరగంట ఎక్కువగా తోముతారు.

మెట్టు 4. బ్రాంజ్ బ్రష్ మీద ద్రావకం చుక్కలు వేసి, ఒక్కో గొట్టంలో ఎనిమిది నుంచి పది సార్లు, ప్రతిసారీ మూతి దాటి పూర్తిగా బయటకు వచ్చేదాకా నెట్టి, మళ్లీ పూర్తిగా వెనక్కు లాగాలి. మధ్యలో దిశ మార్చకూడదు. తీగలు వంగిన వైపు నుంచి ఎదురు తిరగలేక బ్రష్ బిగుసుకుపోతుంది.

మెట్టు 5. ఛాంబర్ దాటిన సన్నటి చోట, చోక్ దగ్గర మరికొన్ని సార్లు తోమాలి. చాలా తుపాకుల్లో ఎడమ గొట్టం చోక్ ఎక్కువ బిగువు. అక్కడే ప్లాస్టిక్ పొర మొండిగా ఉంటుంది.

మెట్టు 6. పొడి గుడ్డలు ఒకటి తరువాత ఒకటి పంపాలి. నల్లగా, తరువాత బూడిద రంగులో, ఆ తరువాత దాదాపు తెల్లగా రావాలి. మంచు తెలుపు వచ్చేదాకా పట్టుబట్టనవసరం లేదు.

మెట్టు 7. ఛాంబర్ వెనుక తెల్ల కాగితం పట్టి, దాని మీద ఫోను టార్చి వెలుగు పడేలా చేసి, మూతి వైపు నుంచి చూడాలి. లోపలి గోడ మీద వెలుగు వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా కనిపించాలి. పొడవుగా మసక బూడిద చారలుంటే అవి సీసం. నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లాలి. వలయం ఒక చోట విరిగినట్టు, నీడ పడినట్టు కనిపిస్తే అది సొట్ట గానీ ఉబ్బు గానీ కావచ్చు. ఆ తుపాకి పేల్చకుండా లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించాలి.

మెట్టు 8. ఎజెక్టర్ (ఖాళీ తూటాను బయటకు నెట్టే ముక్క) కింద, బ్రీచ్ ముఖం (గొట్టాల వెనుక కొసను మూసే పలక) మీద పాత పళ్ల బ్రష్‌తో శుభ్రం చేయాలి.

మెట్టు 9. మాప్ మీద నాలుగైదు చుక్కల నూనె వేసి ప్రతి గొట్టంలో ఒకసారి పంపాలి. తుపాకి బిగించి, మూతి కింద గుడ్డ వేసి, ఆ రాత్రి మూతి కిందికి ఉండేలా నిలబెట్టాలి. మూతి పైకి ఉంచితే మిగులు నూనె కారి చెక్క మొదట్లో ఇంకుతుంది. ఏళ్లు గడిచాక ఆ చెక్క మెత్తబడి చీలుతుంది.

6. .22 రైఫిల్: తక్కువ చేయడమే మేలు

రైఫిల్‌ను స్టాండు మీద మూతి కాస్త కిందికి వంగేలా పెట్టి, బోల్టు తీసి, బోర్ గైడ్ దూర్చాలి. జాగ్ మీద తడి గుడ్డ ఒకటి ఛాంబర్ నుంచి మూతి వైపు పంపాలి. గుడ్డ పడిపోగానే రాడ్డును నెమ్మదిగా వెనక్కు తీసి, తుడిచి, ఐదు నిమిషాల తరువాత మరొక తడి గుడ్డ, ఆపై రెండు మూడు పొడి గుడ్డలు పంపాలి. అంతే. ప్రతిసారీ బ్రష్ వాడనవసరం లేదు. గురి చెదిరినప్పుడో, సీసం కనిపించినప్పుడో చాలు. ఛాంబర్ అంచున పేరుకునే గట్టి మసి వలయాన్ని మాత్రం తడి గుడ్డ చుట్టిన బ్రష్‌తో తిప్పి తీయాలి, లేదంటే తూటా పూర్తిగా లోపలికి కూర్చోదు.

తుడిచిన వెంటనే పేల్చిన మొదటి కొన్ని గుండ్లు కాస్త పక్కకు పడవచ్చు. కాబట్టి పోటీ రోజు ఉదయం తుడవకండి.

ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. పెట్రోలియం ద్రావకం గానీ మామూలు నూనె గానీ గొట్టంలో మిగిలితే, ఒత్తిడి గాలికి లోపలే మండి సీళ్లను పాడుచేయగలదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టానికి పొడి ఫెల్టు గుళికలు రెండు మూడు, సురక్షితమైన లక్ష్యం వైపు పేల్చితే సరిపోతుంది.

7. తప్పులు, దిద్దుబాట్లు

గుడ్డ మధ్యలో ఇరుక్కుంటే: సుత్తితో రాడ్డు మీద కొట్టకూడదు. మూతి వైపు నుంచి కొద్దిగా నూనె పోసి గంట సేపు వదలాలి. తరువాత వచ్చిన దారినే వెనక్కు నెట్టాలి. దానిని పేల్చి బయటకు పంపుదామన్న ఆలోచన రానీయకూడదు. గొట్టం పగిలేది అటువంటప్పుడే.

బ్రష్ బిగుసుకుంటే: రాడ్డును గడియారం ముల్లు దిశలో, అంటే మర బిగిసే వైపు, మెల్లగా తిప్పుతూ లాగాలి. ఎదురు తిప్పితే మర ఊడి బ్రష్ లోపలే ఉండిపోతుంది.

సీసం వదలకపోతే: పాత బ్రష్ చుట్టూ శుద్ధ రాగి పీచు కొన్ని పోగులు చుట్టి తోమవచ్చు. బజారులో పాత్రలు తోమడానికి అమ్మే రాగి రంగు పీచులో లోపల ఉక్కు ఉండే అవకాశం ఉంది. ఇక్కడా అయస్కాంతం పరీక్ష తప్పదు. స్టీలు పీచు, ఆకుపచ్చ స్క్రబ్బరు, ఇసుక కాగితం గొట్టంలోకి వెళ్లకూడదు.

తుప్పు మచ్చలు కనిపిస్తే: నూనె పట్టించి ఒక రాత్రి ఉంచి, బ్రాంజ్ బ్రష్‌తో తోమాలి. గోధుమ రంగు పోయి నునుపు వస్తే మంచిదే. చిన్న గుంటలు మిగిలితే ఇంకా తోమితే పోవు, అక్కడితో ఆపాలి.

8. నిల్వ, ఎన్నికల డిపాజిట్

తోలు కవరులో తుపాకి నిల్వ ఉంచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. కవరు ప్రయాణానికే. కాకినాడ, విశాఖ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలంలో పదిహేను రోజులకొకసారి, మిగతా చోట్ల నెలకొకసారి నూనె మాప్ పంపడం అలవాటు చేసుకోవాలి.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను డిపాజిట్ చేయమనడం మనకు మామూలే. ఒకసారి రెండు నెలల తరువాత నా తుపాకి తిరిగి చేతికొచ్చినప్పుడు ఎడమ గొట్టంలో చిటికెన వేలి గోరంత గోధుమ మచ్చలు రెండు కనిపించాయి. ఉంచిన గది తేమగా ఉందన్నది నిజం. కానీ ముందు రోజు పేల్చిన తుపాకిని తుడవకుండా ఇచ్చింది నేనే. ఇప్పుడు ఈ వరుస పాటిస్తున్నాను:

- ఇచ్చే ముందు రోజు పూర్తి శుభ్రం, మామూలు కంటే ఒక మాప్ ఎక్కువ నూనె.
- "గొట్టంలో నూనె ఉంది, తుడవకుండా పేల్చరాదు" అని రాసిన చీటీ ట్రిగ్గర్ గార్డుకు కట్టడం.
- రసీదులో తుపాకి నంబరు సరిచూసుకోవడం, గొట్టం లోపలి ఫోటో తీసి ఉంచుకోవడం.
- తిరిగి తెచ్చిన రోజే ఖాళీ అని చూసి, పొడి గుడ్డ పంపి, వెలుగు వలయాల పరీక్ష చేయడం.

పేల్చే ముందు నూనె తుడవడం ఇంట్లో ఉన్న తుపాకికీ తప్పదు. పొడి గుడ్డలు రెండు పంపి, వెలుగుకు ఎత్తి చూసి, ఆ తరువాత పనిముట్ల పెట్టెలోని ముక్కలు లెక్కపెట్టండి: జాగ్, లూప్, బ్రష్, రెండు మాప్‌లు. ఒకటి తక్కువైతే బల్ల కింద వెతకడానికి ముందు మరోసారి గొట్టంలోకి చూడండి.